విరిగిన సాస్‌కు విరుగుడు

‘మాస్టరింగ్ ద ఆర్ట్ ఆఫ్ ఫ్రెంచ్ కుకింగ్’ మొదటి సంపుటి నా దగ్గర 11 ఏళ్లుగా ఉంది. ఏడేళ్లు న్యూజెర్సీ వంటింట్లో, నాలుగేళ్లుగా హైదరాబాదులో. అట్ట ఊడిపోతే ప్యాకింగ్ టేపు వేశాను. సాస్‌ల అధ్యాయం దగ్గర కాగితాలు వెన్న మరకలతో నిగనిగలాడుతుంటాయి. మాంసం అధ్యాయాలు మాత్రం బీరువాలో దాచిన పట్టుచీరలా మడత నలగకుండా ఉన్నాయి. మావారు గుడ్డు దాకా వచ్చి అక్కడ ఆగిపోయే మనిషి మరి. నేను చెప్పేదాన్ని ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

జూలియా చైల్డ్, సిమోన్ బెక్, లూయిజెట్ బెర్తోల్ ముగ్గురూ కలిసి 1961లో అమెరికా వంటిళ్ల కోసం తెచ్చిన పుస్తకమని అందరికీ తెలిసిందే. నేను దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే. వంట చెడిపోతుందని ఇది ముందే ఒప్పుకుంటుంది. హోలెండేజ్ సాస్ ఎలా చేయాలో చెప్పాక, చిక్కబడకపోతే ఏం చేయాలి, విరిగిపోతే ఏం చేయాలి అని విడిగా రాసిపెట్టారు. మయొనైజ్ దగ్గరా అంతే. నేను వంట నేర్చుకున్న ఇంట్లో పాకం ముదిరి అరిసెలు రాళ్లయితే తిట్లు పడేవి, అంతే. చేయి దాటిపోయినదాన్ని మళ్లీ దారికి తేవచ్చని నాకు చెప్పినవాళ్లు లేరు.

తెలియనివాళ్ల కోసం: హోలెండేజ్ అంటే పచ్చసొనల్ని సన్నటి సెగ మీద గిలక్కొడుతూ, కరిగించిన వెన్నని చుక్క చుక్కగా పోస్తూ, నిమ్మరసం చేర్చి చేసే సాస్. న్యూజెర్సీలో ఇది నాకు చెయ్యి తిరిగిన పని. మూడు సొనలకు 6 నుంచి 8 ఔన్సుల వెన్న అని పుస్తకంలో ఉంటుంది. నేను ప్రతిసారీ 8 ఔన్సులు, అంటే రెండు కడ్డీలు, వేసేసేదాన్ని. ఒక్కసారీ విరగలేదు. విరుగుడు భాగాన్ని సరదాకి చదవడమే గానీ దానితో పని పడింది లేదు.

హైదరాబాదు వచ్చాక మొదటి ఏప్రిల్‌లో మావారి ఆఫీసువాళ్లని ఆదివారం భోజనానికి పిలిచాం. ఉడికించిన కాలీఫ్లవరూ బీన్సూ, పైన ఈ సాస్. మధ్యాహ్నం పన్నెండున్నర. స్టవ్ ఆరిపోతుందని ఫ్యాన్ ఆపేశాను. చెమట కళ్లలోకి కారుతోంది. వెన్న అయిపోవచ్చేదాకా అంతా బాగానే ఉంది, గిన్నెలో సాస్ మీగడలా కదులుతోంది. ఆఖరి గరిటెడు పోశానో లేదో, అంచు వెంబడి సన్నగా నూనె తేలింది. కంగారులో ఇంకా గట్టిగా కలిపాను. అంతే, పసుపు పలుకులు ఒకవైపు, నెయ్యి ఒకవైపు.

అమ్మ అప్పుడు మా ఇంట్లోనే ఉంది. వెనక నుంచి తొంగిచూసి, “ఏంటే, పాలు విరిగినట్టు విరిగింది? మజ్జిగ పులుసులో వేసినట్టు కాస్త శనగపిండి వేసుండాల్సింది” అంది.

అమ్మ మాటలో తప్పేం లేదు. పిండి పడితే సాస్ అంత తొందరగా విరగదు, ఫ్రెంచివాళ్లు కూడా చాలా సాస్‌లకు మైదాతోనే మొదలుపెడతారు. కానీ హోలెండేజ్‌లో పిండి ఉండదు. వెన్న మొత్తాన్ని సొన ఒక్కటే పట్టి ఉంచాలి.

హాల్లో నవ్వులు వినిపిస్తున్నాయి. తడి చేత్తోనే పుస్తకం తీశాను. ముందు ఒక టేబుల్‌స్పూన్ చన్నీళ్లు పోసి గిలక్కొట్టి చూడమంది. చూశాను, లాభం లేదు. అలా కుదరకపోతే ఇంకో దారి ఉంది: వేడినీళ్లతో తొలిచిన గిన్నెలో టీస్పూన్ నిమ్మరసం, టేబుల్‌స్పూన్ విరిగిన సాస్ వేసి రెండూ కలిసి చిక్కబడేదాకా గిలక్కొట్టాలి. మిగిలినదాన్ని అర టేబుల్‌స్పూన్ చొప్పున, వేసింది పూర్తిగా కలిశాకే మళ్లీ వేస్తూ పోవాలి. ఆ మొదటి చెంచాడు సాస్ నా కళ్లముందే రంగు తేలి చిక్కబడింది. ‘అమ్మా, చూడు’ అని చిన్నపిల్లలా అరిచాను. మొత్తం కలిసేసరికి పావుగంట పట్టింది, కుడిచెయ్యి పడిపోయింది. బల్ల మీద పెట్టాక ఒకావిడ రంగు చూసి “మామిడిపండు వేశారా?” అని అడిగారు. కాదని వివరించే ఓపిక లేక నవ్వి ఊరుకున్నాను.

రాత్రి గిన్నెలు కడిగాక కోడిగుడ్లని తూకం మీద పెట్టాను. 46 గ్రాములు, 47, 45. పుస్తకం లెక్కలన్నీ అమెరికా ‘లార్జ్’ గుడ్డుకి. అది దాదాపు 57 గ్రాములుంటుంది. ఆ గుడ్డు సొన ఎక్కువలో ఎక్కువ 3 ఔన్సుల వెన్న పట్టుకోగలదని అందులో ఉంది, అంటే 85 గ్రాములు. ఆ దామాషాలో మా వీధి కొట్టు గుడ్డు సొన 70 దాటి మోయలేదు. నేను ఒక్కో సొన మీద 75 గ్రాముల పైనే మోపాను. ఎండకీ ఇందులో వాటా ఉండే ఉంటుంది, కానీ ఎండ మీదికి నెట్టేసి తప్పించుకోలేను. ఎందుకంటే కొత్తగా చేసేవాళ్లు సొనకు 2 ఔన్సులు దాటొద్దన్న హెచ్చరిక కూడా అక్కడే ఉంది. ఏడేళ్లుగా చేస్తున్నదాన్ని, అది నాక్కాదనుకుని దాటేశాను. ఇప్పుడు ఆ పేజీ అంచున పెన్సిల్‌తో ‘ఇక్కడి గుడ్డుకి 50 గ్రా.’ అని ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ విరగలేదు.

ఇంత పొగిడాను గానీ, ప్రతిదానికీ ఇలాంటి మందు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. మే నెలలో టార్ట్‌కి, అంటే లోపల కూరో పండ్లో పెట్టి గుల్లగా కాల్చే పిండివంటకి, పిండి కలిపితే వెన్న కరిగి చపాతీ పిండిలా సాగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపరచమంటుంది పుస్తకం. గట్టిపడుతుంది, కానీ కరిగిపోయిన వెన్న మళ్లీ ముక్కలుగా విడిపోదు కదా, గుల్లదనం పోతుంది. తెల్లవారుజామున ఐదున్నరకి లేచి చేసుకోవడం నేను కనిపెట్టుకున్న ఉపాయం. క్రీమ్ సంగతీ అంతే. ఇక్కడ టెట్రా ప్యాక్‌లో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం. అమెరికా హెవీ క్రీమ్‌లో 36 తగ్గదు. ఇక్కడి క్రీమ్‌ని ఎంత గిలక్కొట్టినా నురగ నిలబడదు.

మొదట్లో నేను ఊరందరికీ గొప్పగా చెప్పిన ఇంకో సంగతి, పేజీ అమరిక. ఎడమవైపు సరుకులు, వాటికి ఎదురుగా కుడివైపు వాటితో చేయాల్సిన పని. స్టవ్ ముందు నిలబడ్డప్పుడు ఇంతకంటే సుఖం లేదు. కొట్టుకి వెళ్లేముందే తంటా. సరుకులన్నీ ఒకచోట ఉండవు, రెండు మూడు పేజీలు తిప్పి ఏరుకోవాలి. పుట్టగొడుగులు మర్చిపోయి ఎన్నిసార్లు వెనక్కి వెళ్లానో.

ఒకటి మాత్రం ఊహించకుండా కలిసొచ్చింది. ఇక్కడ మామూలుగా దొరికే పచ్చటి వెన్నలో ఉప్పుంటుంది, సాస్‌లో వేస్తే నోట్లో పెట్టలేం. విసుగొచ్చి ఒకరోజు అమ్మ తోడుపెట్టి చిలికిన వెన్నపూస వాడాను. ఫ్రాన్స్‌లోనూ వెన్నకి మీగడని పులియబెట్టడం పాత అలవాటే. ఆ సన్నటి పులుపు బంగాళాదుంపల మీద ఎంత బాగుందో. నీరు ఎక్కువ ఉంటుంది కాబట్టి దాన్ని బాగా పిండేసి వాడాలి.

వేరే ఫ్రెంచి వంట పుస్తకాలు కూడా కొన్నాను. పేరుమోసిన ఫ్రెంచి వంటవాడు ఎస్కోఫియే 1903 నాటి ‘లె గీడ్ క్యులినేర్’ అనువాదం హోటల్ వంటవాళ్లకి రాసింది. నాలాంటిదానికి నిఘంటువులా ఉపయోగపడుతుంది, అంతే. ఎలిజబెత్ డేవిడ్ ‘ఫ్రెంచ్ ప్రొవిన్షియల్ కుకింగ్’ (1960) రాత్రిపూట మంచం మీద చదువుకోవడానికి ఇష్టం. ఫ్రాన్స్‌లోని మోన్ సాన్ మిషెల్‌లో ఆమ్లెట్‌తో పేరు తెచ్చుకున్న పూలార్‌గారు తన రహస్యం చెబుతూ రాసిన ఉత్తరం అందులో ఉంది. మంచి గుడ్లు, బాగా గిలక్కొట్టడం, పెద్ద వెన్నముద్ద, ఆగకుండా పెనం కదపడం, అంతకుమించి ఏం లేదు. అచ్చం అమ్మ వంట చెప్పినట్టే. ఆమ్లెట్ చుట్టడం చేతికి వచ్చింది మాత్రం జాక్ పెపాన్ ‘లా టెక్నిక్’ (1976) ఫొటోలు చూశాకే. చేతి పనికి రేఖాచిత్రాలు చాలవు, ఆ విషయంలో నా పాత పుస్తకం వెనకబడినట్టే.

ఒక్కటే కొనాలంటే నేనైతే మళ్లీ ఈ మొదటి సంపుటే కొంటాను. కానీ నాకు సాస్‌ల పిచ్చి, గిలక్కొట్టడానికి ఆదివారాలు ఖాళీ. గుడ్డు కూడా తినని ఇంట్లో సూపులు, కూరగాయలు, కొన్ని టార్టులు మిగులుతాయి, దానికి ఇంత లావు పుస్తకం అవసరమా అంటే చెప్పలేను. మాంసం వండేవాళ్లు ఆ సగం గురించి ఇంకెవరినైనా అడగండి.

ఉత్సాహం ఆపుకోలేక 1970లో వచ్చిన రెండో సంపుటి కూడా తెప్పించాను. అందులో ఒక్క ఫ్రెంచి బ్రెడ్డుకే 20 పేజీల దాకా ఉంది. నాలుగేళ్లలో రెండుసార్లు చేశాను. మా ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) అంత పొడవు పట్టదు, మూలకి వంచి పెడితే కొడవలిలా వచ్చింది. అమ్మ దాన్ని కాఫీలో ముంచుకు తింది.