ఏడు రోడ్ల జంక్షన్ నెట్ సెంటర్: ఎంసెట్ ఆప్షన్లకి పనికొస్తుందా?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర సందులో, మేడ మీద ఉంటుంది ఈ నెట్ సెంటర్. బోర్డు మీద పేరు ఎండకి వెలిసిపోయింది కాబట్టి నేనూ రాయడం లేదు. 2025 ఎంసెట్ (ఇప్పుడు పేరు ఈఏపీసెట్) కౌన్సెలింగ్‌కి మా అమ్మాయి వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన ఇంజినీరింగ్ కాలేజీలు, బ్రాంచీల వరస, ఇక్కడే పెట్టించాను. ఫ్యాను గాలి కంప్యూటర్లకే, మనుషులకి కాదు.

మా పిల్లకి ఇంటర్ ఎంపీసీ గ్రూపు సబ్జెక్టుల్లో 600కి 570 వచ్చాయి. ఎంసెట్‌లో 160కి 52. మూడు గంటల్లో 160 బిట్లు. లెక్కకి స్టెప్పులన్నీ వేస్తే గానీ తోచని పిల్లకి ఆ స్పీడు ఎక్కడిది? "ఇంటర్ మార్కులు కలుపుతారులే" అని చుట్టాలంతా ధైర్యం చెప్పారు. ర్యాంకు వచ్చాక ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు.

ఇక్కడి కుర్రాడు పాత జిరాక్స్ కాగితం వెనక లెక్క వేసి చూపించాడు. "ఏటమ్మా, ఇంటర్ వెయిటేజీ 25 శాతమే కదా. అన్నీ ఫుల్ మార్కులొచ్చినా 25 దాటదు. పాపకి 23.75 వచ్చింది. ఎంసెట్ నుంచి 75కి 24 చిల్లర. మొత్తం 48. ఇంటర్లో 480 వచ్చినోడు ఎంసెట్‌లో 80 తెచ్చుకుంటే వాడికి 57న్నర." పూటకో పేపరు కాబట్టి మార్కుల్ని సరిచేసే నార్మలైజేషన్ సంగతి పక్కన పెడితే, ఎంసెట్‌లో ఒక్క మార్కు ఇంటర్లో పదకొండు మార్కుల పెట్టు. ఈ ముక్క ఫస్టియర్‌లోనే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

అంతకుముందు వెళ్లిన కన్సల్టెన్సీ వాళ్లు ర్యాంకు చూడగానే, కాలేజీ వాళ్లే నేరుగా ఇచ్చుకునే మేనేజ్‌మెంట్ సీటు మాటెత్తారు. ఇక్కడ ఆ ఊసే లేదు. కిందటేడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటిచ్చారో ఆ లిస్టు ముందేసుకుని, కన్వీనర్ కోటాలో, అంటే కౌన్సెలింగ్‌లో ర్యాంకుని బట్టి ఇచ్చే సీట్లలో, ఏవి అందుతాయో మా అమ్మాయి చేతే పెన్సిలుతో టిక్కులు పెట్టించాడు. వచ్చేవే పైన పెడదామని నేనంటే, "వద్దమ్మా, ఇష్టమైనవి పైన పెట్టు. సిస్టమ్ పైనుంచే చూసుకుంటూ వస్తాది. అక్కడ రాకపోతే కిందది ఇస్తాది, నష్టమేటి?" అన్నాడు. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) సీట్లు పైన, బస్సులో వెళ్లొచ్చే దూరంలోని సివిల్ సీట్లు కింద పెట్టాం. విజయనగరం వైపు సివిల్ వచ్చింది. అదీ రాకపోతే డిగ్రీకి ఇంటర్ మార్కుల మీదే సీటిస్తారు, ఉమెన్స్ కాలేజీ ఉందిగా అని ఆ దారి కూడా చెప్పి ఉంచాడు.

నచ్చనిదల్లా ఒకటే. పిల్లలందరి పాస్‌వర్డులూ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకుంటారు. అది టేబుల్ మీదే పడుంటుంది, ఎవరైనా తిరగేయొచ్చు. మా అమ్మాయి పాస్‌వర్డ్ తనే టైప్ చేసింది, పుస్తకంలో రాయనివ్వలేదు. కుర్రాడు కాస్త ముఖం ముడుచుకున్నాడు గానీ పని ఆపలేదు.

ఆప్షన్లకి 200, ప్రింటుకి పది రూపాయలు. అయిదుకి నాలుగు ఇస్తాను. ఆఖరి రోజు మాత్రం వెళ్లకండి, క్యూ మెట్ల దాకా ఉంటుంది. ఓటీపీ వచ్చే ఫోను పిల్లల చేతిలోనే ఉంచండి.