జీపీఎస్ మార్చాలా వద్దా: మన్యం దారిలో నాలుగు రోజులు

నా బండి హ్యాండిల్ మీద పన్నెండేళ్లుగా ఉన్న జీపీఎస్ యూనిట్‌కు కాలం చెల్లిందని తెలిసి రెండేళ్లయింది. అంచుల రబ్బరు పగిలింది. బ్యాటరీ ఉబ్బి వెనుక మూత సరిగా కూర్చోవడం లేదు. అందులోని మ్యాపు కొన్ననాటిదే. అయినా కొత్తవాటి ధర చూసినప్పుడల్లా ఇంకో ప్రయాణం నెట్టుకొద్దాంలే అనిపించేది. మోటారు సైకిళ్ల కోసమే గార్మిన్ చేసిన జూమో ఎక్స్‌టీ2 యూనిట్ అమెరికా ధర అప్పట్లో 600 డాలర్లు, మన చేతికి వచ్చేసరికి అర లక్ష దాటేది.

అందుకే 2024 జనవరిలో రాజమహేంద్రవరం నుంచి విజయనగరానికి మన్యం మీదుగా బయలుదేరినప్పుడు హ్యాండిల్‌కు ఎడమవైపు పాత యూనిట్‌ను, కుడివైపు ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోనును బిగించాను. రోజూ వాడే ఫోను మాత్రం జేబులోంచి తీయలేదు. పెద్ద ఇంజన్ల అదురు ఫోను కెమెరాలో ఫొటో కదలకుండా చూసే భాగాన్ని పాడుచేయవచ్చని యాపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. పాత ఫోను కెమెరాలో ఆ భాగమే లేదు, చెడటానికి ఏముంది?

శుక్రవారం రాత్రి బస రంపచోడవరంలో, బస్టాండుకు దగ్గర్లోని లాడ్జిలో. తొమ్మిది వందలకు శుభ్రమైన దుప్పటి, బకెట్ వేడినీళ్లు. అన్నిటికన్నా నచ్చింది, అడగకముందే బండిని వరండాలో పెట్టుకోమనడం. పొద్దున్నే పాత యూనిట్‌ను వెలిగిస్తే 2004 జూన్ 5, శనివారం అని చూపించింది. ఇది దానికి 2019 నుంచి ఉన్న జబ్బే. జీపీఎస్ ఉపగ్రహాలు వారాలను 1023 వరకే లెక్కపెట్టి మళ్లీ సున్నాకు వస్తాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో అలా సున్నా పడినప్పుడు నా యూనిట్ 1024 వారాలు వెనక్కి వెళ్లి అక్కడే ఉండిపోయింది. వెనక్కి వెళ్లింది సరిగ్గా వారాల లెక్కన కాబట్టి తేదీ ఎంత తప్పినా శనివారం మాత్రం శనివారమే. ఉన్న చోటు చూపించడంలోనూ తేడా లేదు. గమ్యం చేరే తేదీని మాత్రం నమ్మకూడదు, అంతే.

అసలు ఇబ్బంది మ్యాపుతో వచ్చింది. నేను వెళ్లిన దారి 516ఈ జాతీయ రహదారి, మొత్తం సుమారు 400 కిలోమీటర్లు. అప్పటికి చాలాచోట్ల ఇంకా పని నడుస్తూనే ఉంది. రాజవొమ్మంగి దాటి కొయ్యూరు వైపు వెళ్తుంటే కొండను చెక్కి వేసిన కొత్త మలుపుల్లో నా బాణం గుర్తు రోడ్డు వదిలి పచ్చటి అడవిలో పరిగెత్తింది. 'వెనక్కి తిరగండి' అని యూనిట్ ఒకటే పోరు. ఫోనులో వారం కిందట దింపుకున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాపులో కొన్ని మలుపులున్నాయి, కొన్ని లేవు. చివరికి ఒక కూడలిలో టీ కొట్టు ముందు కూర్చున్న పెద్దాయనను అడిగాను. "లంబసింగికా బాబూ? ఎడమవైపుది పాత దారి, కల్వర్టు తవ్వేశారు. తిన్నగా వెళ్లండి, కంకర ఉంటుంది కానీ పైకి తేలతారు" అన్నారు. ఆయన చెప్పినట్లే కంకర ఉంది, పైకే తేలాను.

1922 ఆగస్టులో అల్లూరి దళం ఈ కొండల్లోనే వరుసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లను ముట్టడించింది. కాలినడకన! రెండు తెరలు ముందు పెట్టుకుని దారి తప్పిన నాకు అది గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది.

లంబసింగిలో శనివారం రాత్రి గుడారానికి పన్నెండు వందలు. చలిమంట, రాత్రి భోజనం బాగున్నాయి. ఛార్జింగ్ సౌకర్యం ఉందన్నారు కానీ పది గుడారాలకు కలిపి ఒకే ప్లగ్గు, పదకొండింటికి జనరేటర్ ఆపేశారు. పంతొమ్మిది మంది వరుసలో నిలబడితే నా వంతు రానే లేదు. కుటుంబంతో వచ్చేవారికి గుడారాలు వద్దనే చెప్తాను, గది దొరికితే గదే మేలు.

తెల్లవారుజామున మంచులో అసలు పరీక్ష జరిగింది. ఫోను తెర మీద మంచు బిందువులు చేరి, అవే వేళ్లయినట్లు మ్యాపును ఎటో లాక్కుపోయాయి. తుడుద్దామంటే గ్లోవుకు తెర పలకదు, గ్లోవు తీస్తే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. పైగా సిగ్నల్ లేనిచోట వెలిగించడంతో, ఉపగ్రహాల జాడను నెట్ ద్వారా ముందే తెలుసుకునే వీలులేక ఎక్కడున్నామో తేల్చుకోవడానికి చాలాసేపు తీసుకుంది. ఫోనులో సిమ్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు. పనిచేస్తుంది, మొదట ఓపిక కావాలంతే. ఇక పాత యూనిట్‌ది గట్టిగా నొక్కితే పలికే తెర, తోలు గ్లోవుతో పొడిచినా వింటుంది, నీళ్లు పడ్డా చలించదు. ఆ ఒక్క గంటలో కొత్త యూనిట్ కొనేద్దామనే అనుకున్నాను.

పాడేరు మీదుగా అరకు చేరేసరికి ఆదివారం మధ్యాహ్నం. వలిసె పూల కాలం అయిపోయింది, పొలాలు బోడిగా ఉన్నాయి, అయినా జనానికి తక్కువ లేదు. పర్యాటక శాఖ కాటేజీలో దిగాను. ధర ఎక్కువే, వారాంతానికి ముందే బుక్ చేసుకోవాలి. కానీ మంచం పక్కనే ప్లగ్గు, ఆగకుండా వచ్చే వేడినీళ్లు దొరికాయి. లంబసింగి తర్వాత అది రాజభోగం. బొంగు చికెన్ రోడ్డు పక్కన తినండి, హోటల్లో వద్దు.

సోమవారం అనంతగిరి ఘాట్ దిగి శృంగవరపుకోట దాటాక ఎండలో ఫోను వేడెక్కి తెర మసకబారింది. వానకు పనికొస్తుందని తొడిగిన ప్లాస్టిక్ సంచే దానికి కుంపటి అయింది. సంచి తీసేశాక పది నిమిషాల్లో కోలుకుంది.

విజయనగరంలో ఒక మెకానిక్ పాత యూనిట్ తీగనే వాడి, ఫ్యూజుతో సహా ఫోనుకు ఛార్జింగ్ సాకెట్ బిగించాడు. ఆరు వందల యాభై రూపాయలు, అరగంట పని. కొత్త యూనిట్ కొనలేదు. అర లక్ష పోసినా కొయ్యూరు కొండ మీద ఆ పెద్దాయనను అడగాల్సిందే కదా. అదురు తగ్గించే రబ్బరు బ్రాకెట్, తెరకు పలికే గ్లోవులు, పైన చిన్న గొడుగు లాంటి నీడ, వీటికి మూడు వేలు పెట్టాను. వానాకాలంలో ఈ దారిలో వెళ్లేవారి లెక్క వేరు. వారికి నీటికి తట్టుకునే అసలైన యూనిట్టే కావాలి.

పెట్రోలు మాత్రం రంపచోడవరం, చింతపల్లి, పాడేరులలో నింపుకుంటూ వెళ్లండి.