బీ సైడ్ చివరి నాలుగు నిమిషాలు: హన్మకొండ నుంచి వేములవాడ దాకా ఒగ్గు క్యాసెట్ల వేట

డోలు, తాళాలు మోగుతుంటే పాడుతూ చెప్పే తెలంగాణ జానపద కథ ఒగ్గు కథ. ఆ పేరు అనగానే మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ గుర్తొస్తాయి. ఈ మూడూ ఇప్పుడు ఫోన్‌లో వెతికితే గంటలకొద్దీ దొరుకుతాయి. నేను వెతికేది వాటి కోసం కాదు. ఒగ్గు బృందాలు క్యాసెట్లు చేసిన రోజుల్లో కథ ముగిసి మంగళం పాడాక కూడా బీ సైడ్‌లో కొంత టేపు మిగిలిపోయేది. సీ-60 అయితే సైడుకు 30 నిమిషాలు, సీ-90 అయితే 45. రాత్రంతా చెప్పే కథను ఆ కొలతకు సరిగ్గా ఇమడ్చడం ఎవరి తరం? నా చేతికొచ్చిన చాలా క్యాసెట్లలో ఆ మిగిలిన జాగాలో డోలు ఒక్కటే మోగుతుంది, లేదంటే వంత పాడే మనిషి తనకొచ్చిన పాట ఒకటి అందుకుంటాడు. కవర్ మీద దాని ఊసే ఉండదు. వాటిని సీడీల్లోకి, యూట్యూబ్‌లోకి ఎక్కించినవాళ్లు మంగళం రాగానే ఆపేశారు. నాకిష్టమైన బృందాల సత్తా ఆ చివరి నిమిషాల్లోనే ఎక్కువ తెలుస్తుందని నా నమ్మకం. కథ చెప్పాల్సిన బరువు దిగిపోయాక చెయ్యి, గొంతు రెండూ స్వేచ్ఛగా ఆడతాయి.

సంక్రాంతి దాటాక బయలుదేరడానికి కారణం ఉంది. ఐనవోలు మల్లన్న జాతర సంక్రాంతికే. కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారం వచ్చిందంటే జనమే జనం. దేవుడి ముందు రంగుపొడులతో పట్నాలనే ముగ్గులు వేసే ఒగ్గు పూజారులు, పాత బృందాల్లో డోలు కొట్టినవాళ్లు ఈ రోజుల్లో అక్కడే ఉంటారు. మిగతా కాలంలో అయితే ఒక్కొక్కరి కోసం ఒక్కో ఊరు తిరగాలి.

సికింద్రాబాద్ నుంచి రైల్లో వచ్చేవాళ్లు ఒకటి చూసుకోండి. విజయవాడ లైన్ బండ్లు కాజీపేట, వరంగల్ రెండింటి మీదుగా పోతాయి. బల్లార్షా వైపు పోయేవి కాజీపేట దగ్గరే చీలిపోతాయి, వరంగల్ స్టేషన్‌కు రావు. ఉండేది హన్మకొండలో అయితే కాజీపేటలో దిగడమే నయం, అక్కడి నుంచి షేర్ ఆటోలు ఎప్పుడూ ఉంటాయి. బస్సు అయితే ఉప్పల్ నుంచి. నేను మాత్రం రైలే ఎంచుకుంటాను. సంచిలో టేప్ డెక్ ఉంటుంది, బస్సు కుదుపులకు దాని ప్రాణం పోతుంది.

హన్మకొండలో మొదట దిగింది బస్టాండ్ దగ్గరి ఒక లాడ్జిలో. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు వచ్చాయి. కానీ తెల్లవార్లూ హారన్లు, కిటికీ కింద జనరేటర్. కౌంటర్ దగ్గర 24 గంటలు అని చెప్పి, పొద్దున తొమ్మిదింటికే తలుపు కొట్టారు. క్యాసెట్ వినడానికి వచ్చినవాడికి అలాంటి గది పనికిరాదు. టేపులో వినబడే గురగుర టేపుదా, బయటిదా అని తేల్చుకోవడానికే రాత్రంతా పోయింది. మర్నాడు బాలసముద్రం వైపు సందులో చిన్న గది తీసుకున్నాను. అద్దె కాస్త ఎక్కువ, లిఫ్ట్ లేదు. అయినా వెనకవైపు గది, టేబుల్ పక్కనే ప్లగ్ పాయింట్, చీకటి పడితే చప్పుడు ఉండదు. ఈ పని మీద వచ్చేవాళ్లు ఏసీ ఉందా అని అడిగే ముందు గది వెనకవైపుదేనా అని అడగండి. కుటుంబంతో వస్తే పర్యాటక శాఖ వాళ్ల హరిత కాకతీయ ఉండనే ఉంది.

వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల పాత క్యాసెట్ దుకాణాలు ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నాయి. అడిగితే ఒకరిద్దరు అటక మీద నుంచి అట్టపెట్టె దించారు. అందులో సగం సినిమా పాటలే. నా పని జరిగింది ఒక రేడియో మెకానిక్ దగ్గర. బాగుచెయ్యడానికి ఇచ్చి మళ్లీ తీసుకుపోని టేప్‌రికార్డర్లు ఆయన షాపు నిండా ఉన్నాయి, చాలావాటి లోపల క్యాసెట్లు అలాగే ఉన్నాయి!

"అన్నా, ఈ డెక్కుకు బెల్ట్ దొరుకుతదా?" అని మొదలుపెట్టాను.

"బెల్ట్ సంగతి తర్వాత తమ్మీ. ముందుగాల హెడ్ సూడనీయ్" అని డెక్కు అందుకున్నాడు.

పాత రబ్బరు బెల్టు కరిగి తారులా చక్రాలకు అంటుకుపోయింది. దాన్ని గీకి, స్పిరిట్‌తో తుడిచి, కొత్తది వేశాడు. తర్వాత టేపును చదివే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను చెవితో వింటూ వెంట్రుకవాసి తిప్పాడు. అప్పటిదాకా దుప్పటి కప్పుకుని మోగినట్టున్న తాళాలు ఒక్కసారిగా విడివిడిగా గలగలమన్నాయి. రికార్డ్ చేసిన మెషిన్ హెడ్ ఏ కోణంలో ఉందో, వినే మెషిన్ హెడ్ కూడా అదే కోణంలో ఉండాలి. లేకపోతే ముందు పోయేది తాళాల మెరుపే. ఈ మనిషి తీసుకున్న డబ్బుకు పదింతల పని చేశాడు.

దీనికి పూర్తిగా వ్యతిరేకం ఊళ్లోనే ఉన్న ఒక డిజిటల్ స్టూడియో. ఏసీ గది, మంచి కంప్యూటర్, క్యాసెట్‌కు ఇంత అని రేటు బోర్డు. రెండు సైడ్లూ టేపు చివరిదాకా ఎక్కించమని, ఏదీ కోయొద్దని కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. పెన్‌డ్రైవ్ తెచ్చి వింటే అన్నీ మంగళంతోనే ఆగిపోయాయి. కొన్ని సెకన్లు నిశ్శబ్దం వస్తే పాట అయిపోయిందనుకుని సాఫ్ట్‌వేర్ అక్కడికి కోసేస్తుందట. పైగా గురగుర తీసేస్తున్నామని డోలు అడుగు మోతను కూడా తీసేశారు. అడిగితే "అందరికీ ఇట్లనే ఇస్తం సార్" అన్నారు. పెళ్లి క్యాసెట్లకు ఆ సేవ చాలేమో, జానపదానికి మాత్రం దయచేసి ఇవ్వకండి. లాప్‌టాప్‌కు లైన్-ఇన్ వైరు పెట్టి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో మనమే రికార్డ్ చేసుకుంటే డబ్బు మిగులుతుంది, పాటా మిగులుతుంది. ముందు క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాలి. టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తే అసలు డెక్కులో పెట్టకూడదు.

మెకానిక్ ఇచ్చిన వాటిలో ఒక నల్ల క్యాసెట్ ఉంది. లేబుల్ లేదు, బాల్‌పెన్నుతో "బీరప్ప 4" అని మాత్రం రాసి ఉంది. ఐదు స్క్రూల డబ్బా కావడం అదృష్టం. అతికించిన డబ్బా అయితే చాకుతో పగలగొట్టాల్సి వచ్చేది. లోపల స్పాంజి ప్యాడ్ ఊడిపోతే వేరేదాని నుంచి తీసి పెట్టాను. బీ సైడ్‌లో మంగళం అయింది, డోలు ఆగింది. ఎవరో దగ్గారు. "ఇంక ఉన్నదా?" అని ఒక గొంతు, "ఉన్నది, కొట్టు" అని ఇంకో గొంతు. ఇక డోలు ఒక్కటే. మొదట దెబ్బకూ దెబ్బకూ మధ్య బాగా ఎడం, తర్వాత ఆ ఎడంలోకి చిన్న దెబ్బలు చేరడం, చివర మూడు దెబ్బలు వేసి నాలుగోది వెయ్యకుండా వదిలేయడం. దాని మీదుగా వంత గొంతు గొంగడి పాట ఎత్తుకుంది. ఉన్ని కత్తిరించడం, ఏకడం, వడకడం, పడుగుకు చింతగింజల గంజి పెట్టడం... పని ఏ వరుసలో సాగుతుందో పాటా ఆ వరుసలోనే సాగుతుంది. మగ్గం దగ్గరికి వచ్చేసరికి మాట మధ్యలో టేపు అయిపోయింది.

జనగామ, చేర్యాల మీదుగా కొమురవెల్లి వెళ్లాను. జనగామ దగ్గర లింగాలఘనపురం మండలం మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారి ఊరు. ఒగ్గు కథకు సంగీత నాటక అకాడమీ అవార్డు తెచ్చిన ఆయన 2017లో పోయారు. ఈ దారిలో ఒగ్గు క్యాసెట్ అని అడిగితే ఎవరైనా మొదట చెప్పే పేరు అదే. చేర్యాలలో గుడ్డ మీద కథలు గీసే నకాశీ బొమ్మల కోసం ఆగొచ్చు, నేను ఆగలేదు.

కొమురవెల్లిలో గది కావాలంటే ఆదివారం వద్దు. వారం మధ్యలో సత్రం గదులు సులువుగా దొరుకుతాయి, చాప, బకెట్ తప్ప ఏమీ ఆశించకండి. మంచినీళ్లు వెంట ఉంచుకోండి. భోజనం మాత్రం బాగుంది, జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టిన ఒక అవ్వ హోటల్ దగ్గరే రెండు పూటలా తిన్నాను. గుట్ట మీద మేడలమ్మ, కేతమ్మల నడుమ మల్లన్నను దర్శించుకుని దిగి వస్తే, దుకాణాల్లో ఇప్పుడు కథలు ఎక్కించిన పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు అమ్ముతున్నారు. కొన్నాను. అన్నీ మంగళంతోనే ఆగుతాయి.

పట్నం వేసి చేతుల పసుపు కడుక్కుంటున్న ఒక పెద్దాయనకు ఫోన్‌లో గొంగడి పాట వినిపించాను. పాట మొదలు కాకముందే, డోలు దగ్గరే చెయ్యెత్తి ఆపమన్నాడు. "గొంతు ఎవలదో నాకెరుక లేదు బిడ్డా. డోలు మాత్రం మా బాపు దోస్తుది. నాలుగో దెబ్బ ఎగ్గొట్టేది ఆయనొక్కడే." మిగిలిన పాట ఆయనకు నోటికే వచ్చు. మగ్గం దగ్గర తెగినచోట నుంచి అందుకుని, గొంగడి భుజాన వేసుకుని మంద వెంట వానలోకి పోయేదాకా పాడాడు. అనుమతి అడిగి రికార్డ్ చేసుకున్నాను. ఈ ప్రయాణంలో నేను ఎవరికైనా రుణపడ్డానంటే ఆయనకే.

కరీంనగర్‌లో ఎక్కువ చెప్పడానికి లేదు. హన్మకొండ నుంచి హుజూరాబాద్ మీదుగా బస్సులు విరివిగా ఉన్నాయి. గదులు ఈ మొత్తం దారిలో ఇక్కడే డబ్బుకు తగ్గట్టు ఉన్నాయి. దొరికినవి వీసీడీలు. వాటిలో దృశ్యం ఉంటుంది కాబట్టి మిగిలిన నిమిషాల్లో గుడి గోపురం, జాతర జనం చూపించి సరిపెట్టారు. డోలుకు ఆ జాగా లేకుండా పోయింది.

వేములవాడకు ఆదివారం రాత్రి అస్సలు వెళ్లకండి. సోమవారం రాజన్న దర్శనానికి వచ్చేవాళ్లతో గదులు నిండిపోతాయి, దొరికినవాటి ధర రెట్టింపు చెబుతారు. బుధ, గురువారాల్లో అదే గదికి బేరం ఆడొచ్చు. నేను వెళ్లింది పక్కనున్న హనుమాజీపేట కోసం. సినారె పుట్టిన ఊరుగా అందరికీ తెలుసు, నాకు అది ఒగ్గు కథకుడు మిద్దె రాములు గారి ఊరు. చుట్టుపక్కల ఇళ్లలో అడిగితే దుకాణాల్లో దొరకనివి దొరికాయి. జాతరలో, పెద్దల పండుగలో ఇంటి టేప్‌రికార్డర్‌తో పట్టినవి. వాటిలో కోడిపుంజు కూస్తుంది, పిల్లలు ఏడుస్తారు, అయినా ఎవరూ కథను కొయ్యలేదు. ధర ఎక్కడా అడగలేదు. అక్కడికక్కడే కాపీ తీసి, క్యాసెట్‌తో పాటు పెన్‌డ్రైవ్ కూడా ఆ ఇంట్లోనే ఇచ్చి రావడం నేను పెట్టుకున్న పద్ధతి. చాయ్ తాగకుండా మాత్రం ఎవరూ పంపరు, దానికి సమయం ఉంచుకుని వెళ్లండి.

పరిశోధనగా చేసేవాళ్లు వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠాన్ని తప్పకుండా కలవాలి. ఏ కథ, ఏ ప్రాంతం, ఏ బృందం అని ముందే ఉత్తరంలో రాసి వెళితే పని సులువవుతుంది. గొంగడి పాట రెండు ముక్కలనూ, డోలు కొట్టిన ఆయన ఇంటివాళ్లు ఒప్పుకుంటే, అక్కడ కూడా ఒక కాపీ ఉంచాలని ఉంది. వాళ్ల ఊరు కనుక్కున్నాను. జగిత్యాల వైపు. ఎండలు ముదరక ముందే వెళ్లాలి, రేకుల ఇంటి అటక మీద క్యాసెట్ ఇంకో వేసవిని తట్టుకోవడం కష్టం.