ఎటిమాన్‌లైన్ సమీక్ష: 'ట్యారీ' అనే ఒక్క మాట పట్టుకుని చూస్తే

ఒంగోలు, కావలి, నెల్లూరు చర్చిల్లో ఇంగ్లీషు ప్రసంగాన్ని వాక్యం వెంట వాక్యం తెలుగు చేసేవాళ్లకు తరచూ అడ్డం తగిలే మాట 'ట్యారీ' (tarry), అంటే ఆగి ఉండటం, ఆలస్యం కావడం. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ఇది అడుగడుగునా కనిపిస్తుంది. నేటి ఇంగ్లీషులో మాత్రం పాతబడిపోయింది. ఫోన్‌లో అనువాదం యాప్ తెరిచి ఈ మాట ఒక్కటే కొడితే 'ఆలస్యం' అని చూపి వదిలేస్తే అది సగం సమాధానమే. ఇలాంటి మాటల పుట్టుక చూడటానికి డగ్లస్ హార్పర్ కూర్చిన ఉచిత వ్యుత్పత్తి నిఘంటువు ఎటిమాన్‌లైన్ ఎంతవరకు పనికొస్తుందో ఈ మాటతోనే చూద్దాం.

ఇందులో బాగా నచ్చేది దాని నిజాయితీ. 'ట్యారీ' అనగానే లాటిన్ 'టార్డస్'కు, అంటే 'నెమ్మది'కి, ముడిపెట్టేయడం చాలామందికి అలవాటు. 'రిటార్డ్', 'టార్డీ' అక్కడివే కాబట్టి నమ్మబుద్ధి అవుతుంది కూడా. ఎటిమాన్‌లైన్ మాత్రం మూలం తేలలేదని ముందే చెప్పి, ఆ తర్వాతే రెండు ఊహలు ముందుంచుతుంది. ఒకటి ఈ లాటిన్ దారి. రెండోది పాత ఇంగ్లీషు 'టెర్గన్', అంటే విసిగించడం. మధ్యకాలపు ఇంగ్లీషులో ఈ రెండో క్రియ కూడా అచ్చం 'ట్యారీ' రూపంలోకే వచ్చింది గానీ, విసిగించడానికీ ఆగిపోవడానికీ అర్థం అంత తేలిగ్గా అతకదు. తెలియనిదాన్ని తెలియదని చెప్పే నిఘంటువు మీదే నమ్మకం కుదురుతుంది.

చదివేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. ఈ మాట ఎదురుగా '14సి' అని ఉంటుంది. దాన్ని 1400ల కాలం అనుకుంటారు. అది పద్నాలుగో శతాబ్దం, అంటే 1300లు. మొదట ఆ శతాబ్దం తొలినాళ్లలో 'ఆలస్యం చేయించడం' అనే సకర్మక అర్థం, తర్వాత అదే శతాబ్దం చివర్లో 'తానే ఆగి ఉండిపోవడం' అనే అర్థం వచ్చాయి. అలాగే ఏ మూలరూపం ముందైనా నక్షత్రం గుర్తు ఉంటే, అది రాతలో ఎక్కడా దొరకలేదని, పండితులు పోల్చి కట్టిన రూపమని అర్థం.

ఇవే అక్షరాలతో మరో మాట ఉంది: తారు పూసిన, తారు అంటిన అని. పలకడంలో తేడా: క్రియ 'ట్యారీ', విశేషణం 'టారీ'. దీని కోసం 'టార్' పేజీ తెరవాలి. ఆ పేజీ చాలా బాగుంది. చెట్ల నుంచి తీసే జిగురు ద్రవం అన్న అర్థంతో మొదలై, 'ట్రీ'తో కలిసి ఒకే ధాతువు దగ్గరికి చేరుతుంది. సంస్కృతంలో కర్ర అనే అర్థమున్న 'దారు' కూడా ఆ ధాతువుదే. అంటే ఇంగ్లీషు నుంచి మనకొచ్చిన రోడ్డు తారు, దేవదారులోని దారు దూరపు చుట్టాలు. కళ్లంలో వడ్ల రాశి మీద కప్పే టార్పాలిన్ పట్టలో ముందున్నదీ ఈ తారే. మన 'తారాడు'ను మాత్రం 'ట్యారీ'కి అంటగట్టకూడదు. శబ్దం, అర్థం దగ్గరగా ఉన్నా అది కేవలం పోలికే.

లోటు ఎక్కడంటే, ఎటిమాన్‌లైన్ పుట్టుక చెబుతుంది గానీ ఏ వాక్యంలో ఏ అర్థమో తేల్చదు, తెలుగు మాట ఇవ్వదు. అందుకు ఆంధ్రభారతి నిఘంటు శోధన పక్కన తెరిచి పెట్టుకోవాలి. అక్కడ ఒక్క వెతుకులాటలో చాలా నిఘంటువులు కలిసి వస్తాయి. జాగు, తడయు, తామసించు, మసలు వంటి మాటల తేడాలు పక్కపక్కనే చూసుకోవచ్చు.

ఆ తర్వాత తెలుగు బైబిలు తెరవాలి. అసలు పని అక్కడే జరుగుతుంది. మత్తయి 26:38లో 'ట్యారీ'కి 'నిలిచి' అని ఉంది: కదలకుండా ఉండటం. మొదటి కొరింథీయులు 11:33లో అదే మాట 'కనిపెట్టుకొని' అయింది: భోజనం దగ్గర ఒకరి కోసం ఒకరు ఆగడం. హబక్కూకు 2:3లో 'ఆలస్యము', 'జాగు' అయింది. 'ట్యారీయింగ్ మీటింగ్' అంటే కనిపెట్టు ప్రార్థన, అంటే దేవుని కోసం ఎదురుచూసే ప్రార్థన, అని అలవాటు పడ్డవాళ్లు తడబడేది సరిగ్గా ఈ మూడో చోటనే. దర్శనం ఆలస్యమైనా దాని కోసం ఎదురుచూడమని చెప్పే ఆ వచనంలో 'కనిపెట్టుము' అన్నది 'వెయిట్'కు వచ్చిన మాట. 'ట్యారీ'కి కూడా అదే వాడితే, ఆలస్యమయ్యే దర్శనమూ దాని కోసం ఎదురుచూసే మనిషీ ఒకటైపోయి వాక్యం కూలిపోతుంది.