కరెంటు పోయినా ఆగని హైబ్రిడ్ ఇన్వర్టర్: ఏడాది వాడకం తర్వాత

తిరుపతి ఎం.ఆర్.పల్లిలో మా మిద్దె మీద మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు మొదట మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్‌తోనే, అంటే వీధి లైనులో కరెంటు ఉంటేనే పనిచేసే దానితోనే, ఉండేవి. కరెంటు పోతే, నడినెత్తిన ఎండ ఉన్నా, ఇంట్లో ఫ్యాను కూడా తిరిగేది కాదు. స్తంభంపై పనిచేసే లైన్‌మన్‌కు మన ఇంటి నుంచి కరెంటు పారి ప్రమాదం జరగకుండా ఆ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది. అది లోపం కాదు, ఉండవలసిన రక్షణ. హైబ్రిడ్ ఇన్వర్టర్ మాత్రం ఇంటిని లైను నుంచి విడదీసి, బ్యాటరీతోనూ ప్యానెళ్లతోనూ నడిపిస్తుంది. అందుకే నిరుడు దానికి మారాము.

51.2 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకున్నాము. లెక్కకు అయిదు యూనిట్లు, చేతికొచ్చేది సుమారు నాలుగు. రెండు ఫ్యాన్లు, ఫ్రిజ్, నాలుగు లైట్లు రాత్రంతా నడిచినా తెల్లవారేసరికి ఇంకా కొంత మిగులుతోంది. కరెంటు పోయిన క్షణం మా అమ్మ చూస్తున్న టీవీ ఆగదు. ఇన్వర్టర్‌లో చిన్న టక్కుమనే శబ్దం మాత్రమే వినిపిస్తుంది. ఒక హెచ్‌పీ బోరు మోటారును మాత్రం దీనికి కలపలేదు, ఎందుకంటే మొదలయ్యేటప్పుడు మోటారు లాగే కరెంటు నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

యంత్రం మీద నాకు ఫిర్యాదు లేదు. బిగించిన తీరు మీదే ఉంది. దుకాణం వాళ్లు దానిని మిద్దె మీద రేకుల కింద, పడమటి గోడకు బిగించి వెళ్లారు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి దాని వెనుక భాగాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలింది, తెరపై ఉత్పత్తి సగానికి పడిపోయింది. వేడెక్కితే తనను కాపాడుకోవడానికి ఇన్వర్టర్ ఉత్పత్తిని తగ్గించుకుంటుందన్న సంగతి, మన ఊరి ఎండల్లో పనిచేసేవారికి తెలిసి ఉండాలి కదా! పైగా ఇన్వర్టర్ సెట్టింగుల్లో బ్యాటరీ రకం దగ్గర లెడ్ యాసిడ్ అని పెట్టి వదిలేశారు. దానివల్ల చార్జింగ్ వోల్టేజీ తప్పుగా ఉండేది. రెండు వారాలు ఫోన్లు చేశాక వచ్చి లిథియంకు మార్చి, బ్యాటరీకీ ఇన్వర్టర్‌కూ మధ్య సమాచార కేబుల్ కలిపారు. యంత్రాన్ని కింది వరండాకు, ఉత్తరపు గోడకు మార్చిన కేబుల్ ఖర్చు మేమే భరించాము.

ఆ మార్పు తర్వాత మధ్యాహ్నపు ఉత్పత్తి పడిపోలేదు. కొనదలచినవారు డబ్బు చివరి విడత ఇచ్చేముందు బ్యాటరీ సెట్టింగును తెరపై చూపించమనండి, ఇన్వర్టర్ చుట్టూ ఒక అడుగు ఖాళీ వదిలించండి. లోపలి ఫ్యాను రాత్రి బాగానే మోగుతుంది కాబట్టి పడకగది గోడకు మాత్రం వద్దు.