గ్లూకోమీటరు: రాయగడ, పర్లాకిమిడి వైపు కొనేవాళ్లు చూడాల్సినవి

ఇన్సులిన్ గానీ షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర గానీ వాడే మనిషి ఉన్న ఇంట్లో, రక్తంలో చక్కెర కొలిచే గ్లూకోమీటరు ఉండాల్సిందే. 300 (డెసిలీటరు రక్తంలో మిల్లీగ్రాములు; కింది షుగరు అంకెలన్నీ ఇవే) చూపించడం ఏ మీటరుకైనా వచ్చు. 60 దగ్గర ఎంత నిజం చెబుతుందో చూసి కొనండి.

ఎందుకంటే చక్కెర తగ్గితే ముందు దెబ్బతినేది మెదడు. కండరాలకూ కొవ్వుకూ చక్కెర బాగా అందాలంటే ఇన్సులిన్ కావాలి. మెదడుకు చాలావరకు ఆ అవసరం లేదు. చక్కెరను లోపలికి చేరవేసే ప్రొటీన్లు, అంటే దాని రక్తనాళాల గోడల్లో గ్లుట్-1, న్యూరాన్ల (నరకణాల) మీద గ్లుట్-3, ఇన్సులిన్ పిలుపు లేకుండానే పనిచేస్తాయి. రక్తంలో ఎంతుంటే దాన్నిబట్టే దానికి అందుతుంది. సూది వేసుకుని చోడి అంబలైనా తాగకుండా పొలానికి పోతే చక్కెర కండరాల్లోకి పోతుంది, గంటకు సుమారు 5 గ్రాములు వాడుకునే మెదడు పస్తుంటుంది. షుగరు 70 కన్నా కిందికి దిగుతుంటే అడ్రినలిన్ హార్మోను లేస్తుంది: వణుకు, దడ, చెమట. 54 కన్నా తగ్గితే మాట తడబడుతుంది, చూసినవాళ్లు తాగాడనుకుంటారు. గుండె దడకూ బీపీకీ ఇచ్చే ప్రొప్రనలాల్ వాడేవాళ్లకు వణుకూ దడా తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది.

మీటర్లకు పెట్టిన 2013 ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం 100 లోపు రీడింగుకు 15 అటూ ఇటూ తేడా ఒప్పుకుంటారు. తెరమీద 72 ఉన్నా అసలు 57 కావచ్చు. లక్షణాలుంటే అంకెను నమ్మి ఊరుకోవద్దు.

ఇక్కడ ఇంకో చిక్కు రక్తహీనత, సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే పుట్టుజబ్బు). ఎర్రకణాలు తక్కువైతే చాలా స్ట్రిప్పులు (రక్తపు చుక్క వేసే పట్టీలు) షుగరు ఎక్కువ చూపిస్తాయి, అంటే లో షుగరు దాగిపోతుంది. డబ్బాలోని కాగితంలో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పరిధి చదవండి. 30 నుంచి మొదలయ్యేదాని కన్నా 20 నుంచి మొదలయ్యేది మేలు. సికిల్ సెల్ ఉన్నవాళ్లకు మూడు నెలల సగటు పరీక్ష కూడా నమ్మకం కాదు, వాళ్లకు మీటరు ఇంకా ముఖ్యం.

పనస తొనలు ఒలిచిన చేత్తో పరీక్ష చేస్తే అంకె ఊరికే పెరుగుతుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. స్ట్రిప్పు తీసిన వెంటనే డబ్బా మూత పెట్టండి, వానాకాలపు తేమ స్ట్రిప్పులో చక్కెరను గుర్తించే ఎంజైమును చెడగొడుతుంది. చాలా కంపెనీలు 30 డిగ్రీలు దాటొద్దంటాయి, కాబట్టి పొయ్యి దగ్గరా బండి డిక్కీలోనూ వద్దు.

70 లోపుంటే 15 గ్రాముల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. వోగ్లిబోస్ (పంచదార అరగడాన్ని ఆలస్యం చేసే షుగరు మాత్ర) వాడేవాళ్లకు పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజే ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒక్కసారి షుగరు పడితేనే రెండు మూడు స్ట్రిప్పులు ఖర్చు. అందుకే మీటరు ధర కన్నా ముందు స్ట్రిప్పు ధర, అది గుణుపురంలో ఎప్పుడూ దొరుకుతుందా అన్నది అడగండి.