రొయ్యల గుంట మీద ఈఎస్‌పీ32: బోర్డు మంచిదే, సెట్టింగే చూసుకోవాలి

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు గుంటల మీద ఏరేటర్ల రిలేలకీ (మోటారుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు), ఆక్సిజన్ రీడింగులకీ చవకలో దొరికే చిన్న వైఫై బోర్డు ఈఎస్‌పీ32 డెవ్‌కిట్. "వైఫై నిలవట్లేదు, నాసిరకం సరుకు" అని పక్కన పడేసేముందు దాని పవర్ సేవింగ్ (కరెంటు ఆదా కోసం రేడియోని నిద్రపుచ్చే సెట్టింగ్) ఏ మోడ్‌లో ఉందో చూడండి.

రౌటర్ మామూలుగా 102.4 మిల్లీసెకన్లకోసారి బీకన్, అంటే "నేనున్నాను" అనే చిన్న సంకేతం, వదులుతుంది. ఎవరి ప్యాకెట్లు తన దగ్గర ఆగి ఉన్నాయో అందులోనే చెబుతుంది. బోర్డు డిఫాల్ట్‌గా మినిమమ్ మోడెమ్ స్లీప్‌లో ఉంటుంది, అంటే రేడియో ఆపేసి డీటిమ్ బీకన్‌కి (ఇన్ని బీకన్లకోసారి అని రౌటర్‌లో పెట్టుకునే ప్రత్యేక బీకన్) మాత్రమే లేస్తుంది. రౌటర్‌లో డీటిమ్ 3 ఉంటే మూడు బీకన్లకోసారి, అంటే 307 మిల్లీసెకన్లకోసారి. మోటారు ఆన్ కావడానికి ఆ ఆలస్యం లెక్కలోది కాదు.

తంటా అంతా మాగ్జిమమ్ మోడ్‌తోనే. అందులో డీటిమ్‌ని పట్టించుకోదు, లిజన్ ఇంటర్వెల్ (ఎన్ని బీకన్లకోసారి లేవాలో బోర్డులో పెట్టే అంకె) ప్రకారమే లేస్తుంది. దాన్ని 10 పెడితే సుమారు సెకనుకోసారి. బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లను, అంటే అందరికీ కలిపి పంపేవాటిని, రౌటర్ డీటిమ్ బీకన్ వెంటనే పంపేస్తుంది, నిద్రపోయేవాళ్ల కోసం ఆగదు. "ఈ ఐపీ అడ్రస్ ఎవరిది" అని ఫోన్ అడిగే ఏఆర్‌పీ కూడా బ్రాడ్‌కాస్టే. అందుకే రీడింగులు సర్వర్‌కి చక్కగా వెళ్తుంటాయి, అదే వైఫైలో ఉన్న ఫోన్‌కి మాత్రం బోర్డు దొరకదు. ఈ లక్షణం కనిపిస్తే రౌటర్ మార్చినా లాభం లేదు.

కరెంటు మీద నడిచే రిలే బోర్డుకైతే ఆర్డుయినో కోడ్‌లో నిద్రని ఆపేసే వైఫై డాట్ సెట్‌స్లీప్ ఫాల్స్, అంటే WiFi.setSleep(false), పెట్టేయండి. 100 మిల్లీఆంపుల దాకా లాగుతుంది, లాగనివ్వండి. బ్లూటూత్ కూడా వాడుతుంటే మాత్రం ఈ లైను వద్దు: రెండూ ఒకే రేడియోని పంచుకోవాలి, నిద్ర ఆపితే బోర్డు రీసెట్ అవుతుంది.

6 సెకన్లు బీకన్ అందకపోతే బోర్డు 5 ప్రోబ్‌లు ("ఉన్నావా" అని రౌటర్‌ని అడిగే సంకేతాలు) పంపి చూస్తుంది, అప్పటికీ జవాబు లేకపోతే కనెక్షన్ తెంచుకుంటుంది. సీరియల్ మానిటర్‌లో (బోర్డు సందేశాలు కంప్యూటర్‌లో కనిపించే కిటికీ) రీజన్ 200 వస్తే అదే. ఇనప ప్యానెల్ పెట్టెలో బిగించినవాటికి ఇది తప్పదు, బయట యాంటెన్నా పెట్టుకునే 32యూ మోడల్ తీసుకోండి. డేటా వెళ్లకపోయినా సిగ్నల్ ఉందిగా అంటారు. 2.4 గిగాహెర్ట్జ్‌లో బీకన్ చాలాచోట్ల 1 ఎంబీపీఎస్‌లో వస్తుంది కాబట్టి డేటా కదలని దూరంలోనూ అది వినిపిస్తుంది. బ్రౌనౌట్ (బోర్డుకి వోల్టేజీ పడిపోవడం) అని వస్తే మాత్రం తప్పు వైఫైది కాదు. వైఫైలో డేటా పంపేటప్పుడు 240 మిల్లీఆంపుల దాకా ఒక్కసారిగా లాగుతుంది, సన్న కేబుల్ తట్టుకోలేదు. కేబుల్ మార్చి, 3.3 వోల్టుల పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి.

బ్యాటరీతో నెలల తరబడి నడపాలంటే ఇది కొనొద్దు. చిప్ డీప్ స్లీప్‌లో (దాదాపు అంతా ఆపేసిన గాఢనిద్ర) ఉన్నా బోర్డు మీది ఏఎంఎస్1117 అనే వోల్టేజీ రెగ్యులేటర్ ఒక్కటే సుమారు 5 మిల్లీఆంపులు తాగుతుంది, ఎర్ర ఎల్ఈడీ దానికి అదనం.